ఆదివారం సెలవు పెట్టిన సూర్యుడు

ఎదురుగా కడుతున్న బిల్డింగుకి ఐదో అంతస్తు స్లాబు పడిన రోజున మాస్టారి బాల్కనీలోకి ఎండ రావడం ఆగిపోయింది.

అది చెప్పాపెట్టకుండా వచ్చిపడిన ఆపదేమీ కాదు. మాస్టారు స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. అక్కడ పునాది తవ్వుతున్నప్పుడే వీధి వెడల్పు అడుగులేసి కొలిచి, రెండంతస్తులు లేస్తే ఎంత నీడ, నాలుగంతస్తులు లేస్తే ఎంత నీడ అని గ్రాఫు కాగితం మీద గీసి పెట్టుకున్నారు. నాలుగు లేచినా మధ్యాహ్నం నలభై నిమిషాలు ఎండ మిగలాలి. మిగిలింది కూడా. ఆయన లెక్క తప్పలేదు. ఐదోది ఒకటి ఉందన్న సంగతే లెక్కలో ఎవరూ ఇవ్వలేదు.

చెప్పులేసుకుని వీధి దాటి వెళ్ళి మేస్త్రిని పట్టుకున్నారు.

"నాలుగంతస్తులే అన్నావుగా మేస్త్రీ?"

"నాలుగే సార్. ఇది పైన ఊరికే ఒక గది."

"దీనికి గోడలుంటాయా?"

"గోడల్లేకపోతే గదెలా అవుతుంది సార్?"

"గోడలున్నాయి, కప్పు ఉంది. అయితే అది అంతస్తే."

మేస్త్రికి చిన్నప్పటి లెక్కల క్లాసేదో గుర్తొచ్చినట్టుంది. ఒక అడుగు వెనక్కి వేసి చేతులు తుడుచుకున్నాడు. "నాదేముంది సార్, ఓనరు ఎంత కట్టమంటే అంత కడతాను. ఇంతకీ మీకేం పోయింది?"

"ఎండ."

మేస్త్రి తలెత్తి ఆకాశం వైపు, దించి మాస్టారి వైపు చూశాడు. "ఎండ మన కాంట్రాక్టులో లేదు సార్," అన్నాడు ఎంతో మర్యాదగా.

మాస్టారు తిరిగొచ్చి బాల్కనీలో నిలబడ్డారు. ఒకప్పుడు అక్కడ పదిహేడు కుండీలు ఉండేవి. అన్నీ ఆవిడవే, అంటే మాస్టారి భార్యవి. ఆవిడ పోయి ఆరు నెలలు. ఎదుటి గోడ లేవడం మొదలెట్టాక కొన్నిటిని మేడ మీదికి చేర్చారు. వాటి సంగతి వారం తిరక్కుండా పావురాలు చూసుకున్నాయి. మిగతావి మెట్ల పిన్ని పట్టుకెళ్ళింది. ఆవిడ కింది వాటాలో ఉంటుంది. పొద్దున్నే మెట్ల మీద కూర్చుందంటే వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ పలకరించకుండా వదలదు. అందుకని బిల్డింగు మొత్తానికీ మెట్ల పిన్నే అయింది.

"ఆ ఆఖరి కుండీ కూడా ఇచ్చెయ్యండి మాస్టారూ, మా వెనక వాకిట్లో ఎండ దంచేస్తోంది," అని ఆవిడ చాలాసార్లు అడిగింది.

"అది తప్ప," అనేవారు మాస్టారు. ఎందుకో చెప్పేవారు కాదు.

ఎందుకంటే ఇదీ సంగతి.

మాస్టారి కడుపులో పుండు. కారం వాసన కూడా చూడొద్దని డాక్టరు చెప్పి పాతికేళ్ళయింది. ఆవిడకేమో నాలుక చురుక్కుమనకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. అందుకని ఆ ఇంటి పొయ్యి మీద ఎప్పుడూ రెండు గిన్నెలు ఉండేవి. పాతికేళ్ళలో ఒక్కసారి, ఒక ఆదివారం మధ్యాహ్నం, గరిటెలు తారుమారయ్యాయి. ఒక్క ముద్దకే మాస్టారి కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. నీళ్ళు తాగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, క్లాసులో మాట్లాడినట్టు మాట్లాడారు. "ఇన్నేళ్ళయింది, ఈ ఇంట్లో నా నాలుకకి ఒక్క ఓటైనా ఉందా?"

ఆవిడ జవాబు చెప్పలేదు. మామూలుగా ఆవిడ జవాబు బాకీ పెట్టే మనిషి కాదు.

ఆ సాయంత్రమే ఆవిడ ఒక ఖాళీ కుండీ దులిపి, మట్టి నింపి, కాగితం పొట్లంలోంచి ఏదో విత్తనం తీసి వేసింది. ఆవిడకో పద్ధతి ఉండేది. విత్తనం వెయ్యగానే ఐస్‌క్రీం పుల్ల మీద పేరు రాసి కుండీలో గుచ్చేది. ఆ రోజు పుల్ల గుచ్చింది కానీ, పేరు రాయలేదు.

"ఏం విత్తనం?" అన్నారు మాస్టారు, రాజీకొచ్చే గొంతుతో.

"కాస్తుందిగా, చూద్దురుగాని," అంది ఆవిడ.

నాలుగు రోజుల తర్వాత చిన్న ఆపరేషనుకని ఆసుపత్రికి వెళ్ళింది. ఎల్లుండి వచ్చేస్తాను, కుండీలకి నీళ్ళు మర్చిపోకండి అని చెప్పి వెళ్ళింది. రాలేదు.

మూడు వారాలకి మొలక వచ్చింది. మెట్ల పిన్ని కళ్ళజోడు సర్దుకుని చూసి తేల్చింది. "ఇది మిరప జాతి మాస్టారూ. మండే మిరపో, మంట లేని బుట్ట మిరపో మాత్రం ఇప్పుడు చెప్పలేం. కాయ కాస్తే తప్ప తెలీదు."

ఆ మాట మాస్టారిని పట్టుకుని వదల్లేదు. ఆవిడ బతికుండగా బుట్ట మిరపని గుమ్మం తొక్కనివ్వలేదు. "మండనప్పుడు దాన్ని మిరపకాయనడం దేనికి? ఉత్త నీళ్ళ సంచీ," అనేది. కాబట్టి కుండీలో ఉన్నది మండే మిరపైతే, ఆవిడ కోపంతోనే వెళ్ళిందన్నమాట. బుట్ట మిరపైతే, ఆయన నాలుకకి ఓటు ఇచ్చి వెళ్ళిందన్నమాట. మాస్టారికి తెలిసినంతలో మూడో జవాబు లేదు. ఈ రెంటిలో ఏదో తేల్చాల్సిన మొక్క ఎండ లేక బెత్తెడు ఎత్తు దగ్గరే ఆగిపోయి, తొమ్మిది ఆకులతో పాలిపోయి నిలబడి ఉంది.

ఆ సాయంత్రం బావమరిది వచ్చాడు. అంటే ఆవిడ తమ్ముడు. దుకాణాలకి వెలిగే బోర్డులు చెయ్యడం అతని వృత్తి. చుట్టుపక్కల మందుల షాపుల ముందు మిణుకు మిణుకుమనే పచ్చ గుర్తుల్లో సగం అతని చేతి పనే. అతను కుండీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఎండే కదా బావా, చేసేద్దాం."

"ఏం చేసేద్దాం?"

"ఎండ."

మాస్టారు కళ్ళజోడు తీసి అతని వైపు చూశారు.

"మొక్కకి కావలసింది ఎండ కాదు బావా, వెలుగు. అందులోనూ ముఖ్యంగా ఎరుపూ నీలమూ. ఎనిమిది ఎర్ర ఎల్‌ఈడీలు, నాలుగు నీలం ఎల్‌ఈడీలు వేసి నెత్తి మీద వేలాడదీశామంటే తిక్క కుదిరి పెరుగుతుంది."

"మరి సూర్యుడు అన్ని రంగులూ ఎందుకు వేస్తున్నాడు?"

"ఆయనకేం, కరెంటు బిల్లు రాదు కదా."

"బజారులో రెడీగా దొరుకుతాయట..."

బావమరిది గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నన్ను ఇంట్లో పెట్టుకుని బజారులో కొంటారా? అక్క వింటే ఎంత నొచ్చుకుంటుంది!"

ఆవిడ ఇప్పుడు వినదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. బావమరిది జేబులు తడుముకున్నాడు. మాస్టారు టీ పెట్టడానికి లేచారు.

మర్నాడు అతను సంచీ నిండా సామాను తెచ్చి వరండాలో పరిచాడు. ఎల్‌ఈడీలు ఒక్కొక్కటీ బఠాణీ గింజంత ఉన్నాయి. ఇంతింత వాటితో ఎండ ఏం వస్తుందని మాస్టారికి అనుమానం.

"చూడ్డానికే బావా ఇవి పిల్లకాయలు. వెలిగాక వెనక వైపు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ వేడిని లాగేసే మందపాటి అల్యూమినియం రేకు వెనకాల ఉండాలి. లేకపోతే వారంలో మాడి మసైపోతాయి." అంటూనే వంటింట్లోకి వెళ్ళి అలమారాలు తీసి చూసి, ఒక పెద్ద అల్యూమినియం పళ్ళెం పట్టుకొచ్చాడు. "ఇదిగో! కొలిచి చేయించినట్టుంది."

"అది కాదు," అన్నారు మాస్టారు.

"ఇంత మందం ఎక్కడా దొరకదు బావా."

"అందులో మీ అక్క విత్తనాలు ఆరబెట్టుకునేది."

"తెలుసు. చిన్నప్పుడు నన్ను దాని పక్కన కాపలా కూర్చోబెట్టేది."

మాస్టారు పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. అంచు మీద ఒక చోట సొట్ట ఉంది. ఆ సొట్ట ఎప్పుడు పడిందో ఆయనకి తెలుసు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాక అడిగారు. "ఎన్ని బెజ్జాలు?"

"ఇరవై ఎనిమిది. బల్బుకి రెండు మరలు, పైన వేలాడదీయడానికి నాలుగు."

"నువ్వు ఇష్టమొచ్చినట్టు పొడవకు. ఎక్కడెక్కడో నేను గుర్తులు పెడతాను."

మాస్టారు జామెట్రీ బాక్సు తెచ్చుకుని కూర్చున్నారు. కేంద్రం కనుక్కుని, రెండు వృత్తాలు గీసి, లోపలి వృత్తంలో నాలుగు నీలాలు, బయటి వృత్తంలో ఎనిమిది ఎరుపులు, ప్రతి రెంటి మధ్యా సమాన దూరం వచ్చేలా చుక్కలు పెట్టుకుంటూ పోయారు. ఒక చుక్క అర మిల్లీమీటరు జరిగిందని చెరిపి మళ్ళీ పెట్టారు. డ్రిల్లు పట్టుకుని నిలబడ్డ బావమరిది ఈలోగా రెండు టీలు తాగి, పేపరు చదివి, వరండాలో ఒక కునుకు కూడా తీశాడు.

"బావా, ఇది మిరప మొక్క బావా. ఇన్‌స్పెక్టరు కాదు," అన్నాడు లేచి.

బెజ్జాలు వేసేటప్పుడు మాత్రం మాస్టారు అక్కడ ఉండలేదు. కింద దుకాణంలో ఏదో కొనాలని వెళ్ళారు. ఏమీ కొనకుండానే వచ్చారు.

తర్వాత పని ఇద్దరూ కలిసి చేశారు. ప్రతి బల్బు వెనకా వేడి లాగే తెల్ల పేస్టు పూసి పళ్ళేనికి బిగించారు. పన్నెండు బల్బులనీ ఒకదాని వెనక ఒకటి వైర్లతో కలపాలి. సోల్డరింగ్ నేర్పమని మాస్టారు పట్టుబట్టారు. సగం బావమరిది అతికాడు, సగం మాస్టారు అతికారు. అతని అతుకులు చీమ తలకాయంత ఉంటే, మాస్టారివి ఈగల మాదిరిగా వాలి ఉన్నాయి. బల్బులకి కావలసినంత కరెంటే కొలిచి ఇచ్చే డబ్బా ఒకటి తగిలించి బావమరిది స్విచ్చి వేశాడు.

ఏమీ వెలగలేదు.

"దీంట్లో ఇదే చిక్కు బావా. వరసలో ఒక్కడు తిరగబడి నిలబడితే చాలు, పన్నెండు మందీ పని మానేస్తారు."

"మా తొమ్మిదో తరగతీ అంతే," అన్నారు మాస్టారు. కరెంటు అందుతోందో లేదో చూసే మీటరు అందుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఒకటో నంబరు?" అన్నారు.

"ఉన్నాను సార్," అన్నాడు బావమరిది ఎర్ర వైరు పెట్టి.

"రెండు?"

"హాజరు సార్."

ఏడో నంబరు దగ్గర మీటరు పలకలేదు. ప్లస్ ఉండాల్సిన వైపు మైనస్ అతికి ఉంది. అతుకు చూస్తే ఈగలా ఉంది. ఎవరి చేతి పనో విడిగా చెప్పనక్కర్లేదు. బావమరిది నోరు తెరిచేలోపు మాస్టారే అన్నారు. "ఏడోవాడిని బెంచీ ఎక్కించు. తప్పు వాడిది కాదు, పాఠం చెప్పినవాడిది."

తిప్పి అతికి, కుండీని బాల్కనీ వెనక గదిలోకి తెచ్చి పళ్ళేన్ని దాని మీద వేలాడదీసి, మళ్ళీ స్విచ్చి వేశారు. ఈసారి గది గదంతా ఊదా రంగులోకి మునిగిపోయింది. మాస్టారి తెల్ల బనీను వంకాయ రంగుకి తిరిగింది. బావమరిది పళ్ళు నీలంగా మెరిశాయి. మొక్క మాత్రం నల్లగా కనిపించింది, నీడకి నీడలా.

"ఏడుస్తోందా, నవ్వుతోందా?" అన్నారు మాస్టారు.

"మొదటి రోజే చెప్పలేం బావా."

మొక్క సంగతేమో కానీ, వీధి సంగతి రెండో రోజే తెలిసింది. చీకటి పడే వేళకి గదిలోని వెలుగు పడి ఆ బాల్కనీ ఊదా రంగులో జిగేలుమంటుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూడటం మొదలెట్టారు. ఎదురు స్లాబు మీద పనివాళ్ళు తట్టలు దించి రెండు స్టెప్పులు కూడా వేశారు. మెట్ల పిన్ని పైకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మాస్టారూ, మన బిల్డింగులో ఇలాంటివి ఎప్పుడూ లేవండీ."

"ఎలాంటివి?"

"ఎలాంటివో నాకేం తెలుసు? నేనెప్పుడైనా వెళ్ళానా?"

ఆవిడని లోపలికి తీసుకెళ్ళి కుండీ చూపించి ఒప్పించేసరికి అరగంట పట్టింది. మర్నాడు గడ్డం పెరిగిన మనిషి ఒకడు తలుపు కొట్టి, కటింగుకి ఎంతసేపు ఆగాలని అడిగాడు. ఆ తర్వాత ఒక జంట ఫొటోలు దిగాలని వచ్చింది. మాస్టారు వాళ్ళకి మొక్కలు ఏ రంగు వెలుగు పీల్చుకుంటాయో వివరంగా చెప్పారు. వాళ్ళు శ్రద్ధగా విని, మొక్క పక్కన నిలబడి రెండు ఫొటోలు దిగి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది లైటు వేళకి వేసి వేళకి తీసే ఏర్పాటు. మాస్టారు పగలంతా స్కూల్లో ఉంటారు. టైమరు తను తెస్తానని బావమరిది అంటే, ఆయన గర్వంగా చెయ్యి అడ్డం పెట్టారు. "నా దగ్గర ఉంది."

అది స్కూలు గంట టైమరు. కొత్తది వచ్చాక మూల పడేస్తే ఇంటికి తెచ్చుకున్నారు. పన్నెండేళ్ళు ఒక్క గంట తప్పకుండా కొట్టిన పెట్టె అది. గంట బదులు లైటు వెలిగేలా బావమరిది లోపల ఏదో మార్చి ఇచ్చాడు. పిరియడు మొదలైతే వెలుగుతుంది, అయిపోతే ఆగుతుంది. అందులో పాత టైంటేబులు అలాగే ఉంది. నలభై ఐదు నిమిషాలు వెలుగు, ఐదు నిమిషాలు విరామం, మధ్యాహ్నం ఒక గంట భోజనానికి, మొత్తం మీద ఎనిమిది పిరియడ్లు. మాస్టారు దాన్ని చదివి చూసుకుని, మార్చాల్సిందేమీ లేదనుకున్నారు. ఏ ప్రాణానికైనా ఏకబిగిన ఎంతసేపని ఎక్కుతుంది? ముప్పై ఏళ్ళుగా ఆయన చూస్తున్నదే కదా.

పాత హాజరు పట్టీలో మొక్కకి ఒక పేజీ తెరిచారు. ప్రతి సాయంత్రం ఎత్తు, ఆకుల సంఖ్య అందులో వేసేవారు. నెల రోజుల్లో తొమ్మిది ఆకులు పదకొండయ్యాయి. "మందకొడిగా ఉన్నా క్రమశిక్షణ ఉంది," అని మెట్ల పిన్నితో అన్నారు.

అంతలో టర్ము సెలవులు వచ్చాయి. సెలవుల్లో మాస్టారికి సెలవు ఉండదు. పేపర్లు దిద్దడానికి వేరే ఊళ్ళో తొమ్మిది రోజుల డ్యూటీ పడింది. తాళంచెవి బావమరిదికి ఇచ్చి, రోజూ అర గ్లాసు నీళ్ళు పొయ్యమని, అర గ్లాసు ఎంతో గ్లాసు మీద గీత గీసి చూపించి వెళ్ళారు. రోజూ సాయంత్రం ఫోను చేసేవారు.

"మొక్క ఎలా ఉంది?"

"రెస్టు తీసుకుంటోంది బావా."

"మంచిది. నీళ్ళు?"

"గీత దాకా పోశాను."

తొమ్మిది రోజులూ ఇదే సంభాషణ. పదో రోజు మాస్టారు తలుపు తీసి చూస్తే గది మామూలు చీకటిలో ఉంది. మొక్క మెడ వాల్చేసింది. పదకొండు ఆకుల్లో ఏడు మట్టి మీద రాలి ఉన్నాయి. బావమరిది పది నిమిషాల్లో పరుగెత్తుకొచ్చాడు.

"లైటు ఎవరాపారు?" అన్నారు మాస్టారు.

"మీరే కదా బావా!"

"నేనెందుకు ఆపుతాను?"

"మీరు వెళ్ళిన రోజు నుంచీ వెలగలేదు. మీరేమో మాస్టారు. ఏదో లెక్కలేసే ఆపి ఉంటారు, నేను చెయ్యి పెడితే చివాట్లు పడతాయి అనుకున్నాను. రెస్టు తీసుకుంటోందని రోజూ చెప్పాను కూడా. మీరే మంచిదన్నారు!"

బావమరిది టైమరు పెట్టె కిందికి దించి, బటన్లు నొక్కుతూ లోపల ఏముందో చూడసాగాడు. చూస్తున్నకొద్దీ అతని మొహం మారిపోయింది.

"బావా, దీంట్లో ఏడాది సెలవులన్నీ ఎక్కించి ఉన్నాయి."

"అవును. ఎవరూ రానప్పుడు గంట ఎందుకని ఏటా గుమాస్తా ఎక్కించేవాడు. పెట్టె మూల పడేముందు కూడా ఎక్కించినట్టున్నాడు."

"టర్ము సెలవులు తొమ్మిది రోజులు. శనివారం ఒంటిపూట. ఆదివారం..." అతను తలెత్తాడు. "బావా, మీ మొక్క నెల రోజుల్లో ఒక్క ఆదివారం వెలుగు చూడలేదు."

"ఆదివారం ఆగుతుందని నాకు తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"వారమంతా పెరుగుతోంది కదా," అన్నారు మాస్టారు, తన గొంతు తనకే బలహీనంగా వినిపిస్తుండగా. "ఒక్క రోజైనా..."

"సూర్యుడు ఆదివారం సెలవు పెడతాడా బావా? ఆ రోజు ఉన్నదే ఆయన పేరు మీద!"

మాస్టారు కుండీ ముందు నేల మీద కూర్చుండిపోయారు. రాలిన ఆకులు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకున్నారు.

"ఇది పోతే నాకు తెలీదు," అన్నారు.

"ఏం తెలీదు?"

అప్పుడు చెప్పారు. గరిటెలు మారిన సంగతి, ఓటు మాట, పేరు రాయని పుల్ల, మండే మిరపో బుట్ట మిరపో అన్న సంగతి. ఎవరికీ చెప్పని విషయం నాలుగు వాక్యాల్లో అయిపోయింది. బావమరిది పక్కనే కూర్చుని విన్నాడు.

"అక్కకి కోపమొస్తే మాట్లాడదు బావా. అంతవరకే. కోపంతో ఇంకో పని చెయ్యడం దానికి చేతకాదు. నేను పరీక్ష తప్పినప్పుడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మూడు రోజులూ నా చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది."

మాస్టారు అతని వైపు చూశారు.

"అయితే బుట్ట మిరపేనంటావు?"

బావమరిది చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పాలని ఒక క్షణం అనిపించినట్టే ఉంది. "అలా అని కారం మానడం కూడా దానికి చేతకాదు బావా," అన్నాడు చివరికి.

ఇద్దరూ నవ్వారు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఇద్దరు కలిసి నవ్వడం అదే మొదటిసారి.

స్కూలు పెట్టె అటక ఎక్కింది. దాని చోటులోకి దుకాణాల బోర్డులకి వాడే మామూలు టైమరు వచ్చింది. పొద్దున ఐదింటికి వేస్తుంది, రాత్రి ఏడింటికి తీస్తుంది. దానికి పండగలూ తెలియవు, ఆదివారాలూ తెలియవు. పళ్ళేన్ని మొక్కకి జానెడు ఎత్తులోకి దించి కట్టారు. మాస్టారు హాజరు పట్టీలో ఆ తొమ్మిది రోజుల గళ్ళ మీదుగా ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, పక్కన "తప్పు నాది" అని రాసి సంతకం పెట్టారు.

రెండు వారాలు ఏమీ జరగలేదు. మూడో వారం వాలిన మెడ నిటారైంది. ఆ తర్వాత మొక్కకి ఎక్కడలేని తొందర పుట్టింది. ఆకులు ఇరవై అయ్యాయి, నలభై అయ్యాయి, ఒక రోజు మాస్టారు లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు. ఆ తిరిగి లెక్కపెట్టడంలోనే ఒక ఆకు కింద మొగ్గ కనిపించింది. మొగ్గ నాలుగు రోజులకి విచ్చింది. చిన్న తెల్ల పూవు, తల కిందికి వంచుకుని ఉంది.

మెట్ల పిన్ని పైకి వచ్చి చూసింది. "పూవు రెంటికీ ఇలాగే ఉంటుంది మాస్టారూ. ఇంకో మాట. ఇంట్లో తేనెటీగలుండవు కదా, గాలీ లేదు. కాయ నిలవాలంటే మీరే తేనెటీగ అవ్వాలి."

బావమరిది బోర్డుల మీద అక్షరాలు దిద్దే సన్న బ్రష్షు తెచ్చిచ్చాడు. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, పూవు లోపల బ్రష్షు మెల్లగా తిప్పారు. ఆగి వెనక్కి తిరిగి, "జుమ్మని చప్పుడు కూడా చెయ్యాలా?" అని అడిగారు.

"చేస్తే మంచిదే అండీ," అంది మెట్ల పిన్ని.

మాస్టారు చేశారు. బావమరిది గోడ వైపు తిరిగి భుజాలు కదుపుతూ నిలబడ్డాడు.

పూవు రాలి పిందె నిలిచింది. పచ్చగా, గుండ్రంగా, వేలి గోరంత ఉంది. పొడుగుకి సాగితే మండే మిరప, వెడల్పుకి తిరిగితే బుట్ట మిరప అని మెట్ల పిన్ని తీర్పు. మాస్టారు స్కూలు లాబ్ నుంచి కొలత పరికరం అడిగి తెచ్చుకుని, రోజూ సాయంత్రం పిందె పొడుగూ వెడల్పూ కొలిచి, నీడ లెక్కలేసిన గ్రాఫు కాగితం వెనక వైపు రెండు గీతలు గీస్తూ వస్తున్నారు. ఎదుటి బిల్డింగు ఐదో అంతస్తుకి గోడలు లేచాయి, కిటికీలు కూడా పెట్టారు. మేస్త్రి అటునుంచి చెయ్యి ఊపి, "కాయ వచ్చిందా సార్?" అని అరుస్తున్నాడు. బావమరిది మండే మిరపంటూ మెట్ల పిన్నితో పందెం కట్టి, రోజూ వచ్చి గ్రాఫు చూసి పోతున్నాడు.

"ఒక్కసారి గోటితో గీరి నాలుక మీద పెట్టుకుంటే తేలిపోతుంది బావా. నా నాలుక అయినా సరే."

"వద్దు," అన్నారు మాస్టారు. "చూద్దురుగాని అంది. రుచి చూడమనలేదు."

గ్రాఫు మీద రెండు గీతలూ ఇంకా పక్కపక్కనే నడుస్తున్నాయి. నిజానికి గరిటెలు మారిన ఆ ఆదివారం కూర బాగుంది. మండింది, కానీ బాగుంది. ఆ మాట మాస్టారు ఆవిడతో అనలేదు. పుల్ల మీద పేరు కూడా ఇంకా రాయలేదు.